హబ్, యాక్సిల్ ఇంట్లోనే మారుస్తున్నారా? ముందు ఆ నడిమి నట్ సంగతి చూడండి

మొన్న ఆదివారం మా సందులో ఒక కుర్రాడు కారు ముందు చక్రం హబ్ (చక్రాన్ని బిగించే నడిమి భాగం) బేరింగూ, యాక్సిలూ (గేరుబాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) తనే మార్చుకుందామని కూర్చున్నాడు. చక్రం ఊడదీశాడు, కారు జాకీ మీద ఉంది, యాక్సిల్ కొసని హబ్‌కి బిగించే నడిమి నట్ రావట్లేదు. పానాకి బారెడు పైపు తొడిగి, స్నేహితుణ్ణి కూడా పిలిచి ఇద్దరూ కలిసి లాగారు. నట్ కదల్లేదు, కారు కదిలింది. జాకీ ఒరిగి బ్రేక్ డిస్కు దభీమని నేలకి తగిలింది. కాలు అక్కడ లేదు కాబట్టి సరిపోయింది.

స్పీడు పెరిగేకొద్దీ గూఁ అని మూలిగితే ఎక్కువసార్లు బేరింగే, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టకటకమంటే యాక్సిల్ బయటి జాయింటు. పని చేసుకోవద్దని నేననను. కానీ నేను చూసినంతలో జనం దెబ్బతినేది ఒక్క దగ్గరే, కారు ఎత్తేశాక ఆ నట్ విప్పబోవడం. చక్రం నట్లకి 100 న్యూటన్ మీటర్ల బిగువు ఉంటే, చాలా చిన్న కార్లలో దీనికి 200కి అటూ ఇటూ ఉంటుంది, తుప్పు పట్టిందంటే ఇంకా మొండికేస్తుంది. స్టెప్నీ మార్చడానికిచ్చిన జాకీ అంత లాగుడికి నిలబడదు.

అందుకే కారు నేల మీద ఉండగానే పని మొదలవ్వాలి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, లోపల ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమనండి. చక్రం మధ్య మూత తీస్తే నట్ కనిపిస్తుంది. దాని అంచు గాడిలోకి నొక్కి ఉంటే సన్న ఉలితో పైకి లేపాలి, లేకపోతే మరలు పోతాయి. ఆపైన పావు చుట్టు వదులు చేయండి, అంతే. బేరింగుని పట్టి ఉంచేది ఆ బిగువే, అది లేకుండా కారు బరువు పడితే పాడవుతుంది. యాక్సిల్ తీసేసిన కారుని పక్కకి నెట్టకూడదనేది కూడా ఇందుకే.

ఎత్తాక స్టాండ్లు పెట్టాల్సిందే. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు, అవి చెప్పి పగలవు. తడి మట్టి మీద, వాలు మీద అసలు వద్దు.

కాలిపర్‌ని (డిస్కుని నొక్కి పట్టే బ్రేక్ భాగం) బ్రేక్ గొట్టానికి వేలాడదీయకండి, తీగతో కట్టండి. చక్రం వేగం పసిగట్టే ఏబీఎస్ వైరు ముందే విప్పేయండి. యాక్సిల్ లాగితే గేరుబాక్సు ఆయిల్ కారుతుంది, ముందే దించుకోండి, సీలు కూడా కొత్తది వేయండి. యాక్సిల్‌ని మధ్యలో పట్టుకుని గుంజకండి, లోపలి జాయింటు ఊడి వస్తుంది. యాక్సిల్ కొసనున్న మరల మీద సుత్తి దెబ్బ వేయకండి. కొత్త బేరింగుని కొట్టి దించొద్దు, లేత్ షాపులో ప్రెస్ చేయించండి, ఆ డబ్బు దగ్గర పిసినారితనం చూపిస్తే వారంలో మళ్ళీ గూఁ. పాత నట్ మళ్ళీ వాడొద్దు. కొత్తది టార్క్ రెంచి (ఎంత బిగువు పడిందో చూపే పానా) తోనే, మీ కారు మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారమే, అదీ కారు స్టాండ్ల మీద ఉండగా బ్రేక్ తొక్కించి బాగా బిగించి, ఆఖరి లాగుడు మాత్రం కిందికి దించాక. మళ్ళీ చెప్తున్నా, గట్టిగా లాగే ఏ పనైనా కారు నేల మీద ఉన్నప్పుడే. కదిలించే ముందు బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, కాలిపర్ పిస్టన్ వెనక్కి నొక్కి ఉంటారు కాబట్టి మొదటిసారి అది కిందిదాకా పోతుంది. యాభై కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు ఇంకోసారి బిగించండి.