ఇంట్లో మనిషి చేత బీడీ, సిగరెట్ మాన్పించడం ఎలా?

"రేపట్నుంచి ముట్టను, నీ మీద ఒట్టు" అని చెప్పించుకున్న ఇళ్లలో ఎక్కువగా జరిగేది ఒకటే. మనిషి మానడు, దాచుకోవడం నేర్చుకుంటాడు. మిద్దె మీద తాగి, నోట్లో ఇంత వక్కపొడి వేసుకొని దిగుతాడు. అందుకే ఒట్ల జోలికి పోవద్దంటాను. ఒకరు నిద్ర ఆపుకోవడానికి తాగుతారు, ఒకరు నలుగురిలో కలవడానికి, ఇంకొకరు పొద్దున్నే కడుపు కదలడానికి. మీ ఇంటి మనిషికి అది ఏ పని చేసి పెడుతోందో తెలిస్తే, ఆ పనికి వేరే ఏర్పాటు చూడొచ్చు.

ముందు అడగండి

తీరిగ్గా ఉన్నప్పుడు, నిలదీస్తున్నట్టు కాకుండా మూడు సంగతులు కనుక్కోండి. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు? రోజు మొత్తంలో ఏది వదలడం అన్నిటికన్నా కష్టం? ఇంతకుముందు మానినప్పుడు మళ్లీ ఎక్కడ, ఎవరి పక్కన మొదలైంది?

మొదటి ప్రశ్న డాక్టర్లు కూడా అడిగేదే. ఒంట్లో ఉన్న నికోటిన్ (పొగాకుకు బానిసను చేసే పదార్థం) దాదాపు రెండు గంటలకోసారి సగానికి సగం తగ్గిపోతుంది. రాత్రి పడుకొని లేచేసరికి మిగిలేది కొంచెమే. లేచిన అరగంటలోపే అగ్గిపెట్టె కోసం వెతుకుతున్నారంటే అడుగుతున్నది ఒళ్లు. అలాంటివాళ్లను మనసు గట్టి చేసుకోమంటే సరిపోదు, మందు తోడుండాలి. మధ్యాహ్నం దాకా గుర్తే రాని వాళ్లకు సావాసం, అలవాటు మార్చడం ముఖ్యం.

మూడు రోజులు ప్యాకెట్‌లోనే ఒక చీటీ పెట్టి, వెలిగించిన ప్రతిసారీ టైము, చోటు, పక్కన ఎవరున్నారో రాయమనండి. తగ్గించమని అప్పుడే చెప్పొద్దు.

చీటీ చూసి ఏర్పాటు చేయండి

తాడిపత్రిలో బండలు లోడు చేసుకొని రాత్రిపూట బెంగళూరు పోయే లారీ డ్రైవర్ని తీసుకోండి. అనంతపురం దాటి పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూతలు పడతాయి. అక్కడ బీడీ ఆయనకు షోకు కాదు, కునుకు ఆపే సాధనం. క్యాన్సర్ వస్తుందని ఇంట్లో చెబితే తలూపుతాడు, పెనుకొండ దగ్గర వెలిగిస్తాడు. ఆయనకు కావాల్సింది చేతికీ నోటికీ పని. సీటు పక్కన అందేలా వేయించిన శెనక్కాయలు ఒక డబ్బాలో పెట్టండి. బీడీ కట్ట ఉండే చొక్కా జేబులోకి లవంగాలు రావాలి. అగ్గిపెట్టె క్యాబిన్‌లోనే ఉండకూడదు. క్లీనర్ కూడా తాగేవాడైతే ఇద్దరూ ఒకే రోజు మానాలి, లేకపోతే వారం కూడా నిలవదు. నిజంగా నిద్ర ముంచుకొస్తే మాత్రం బండి పక్కకు ఆపి ఇరవై నిమిషాలు పడుకోవడమే. దానికి బీడీ ఎప్పుడూ మందు కాదు.

టీ బంకు దగ్గర నలుగురితో నిలబడి తాగే ఆయన కథ వేరు. ఇంట్లో ఆదివారమంతా ఆ ఊసే ఎత్తడు. ఆయనకు నికోటిన్ గమ్ (కోరిక తగ్గించేందుకు నమిలే మందు) కన్నా, మొదటి నెల టీ తాగే చోటు మార్చుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. ఆ నలుగురిలో ఒకరికి ముందే చెప్పి పెట్టుకుంటే ఇంకా నయం: "నేను అడిగినా ఇవ్వొద్దురా."

"పొద్దున ఒకటి పడందే మోషన్ రాదు" అనేవాళ్లను చూసి నవ్వకండి. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానగానే కొందరికి మలబద్ధకం వస్తుంది. గోరువెచ్చని నీళ్లు, రాగి సంగటి, ఆకుకూరలు, పండ్లు ఎక్కువగా పెట్టండి. చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటుంది.

ఏటా అయ్యప్ప మాల వేసి 41 రోజులు ముట్టకుండా ఉండి, మాల తీసిన రోజే వెలిగించేవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో. నాకు ఇది మంచి అవకాశంగా కనిపిస్తుంది. ఒంటికి పట్టే చికాకు రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది, అంటే కష్టమైన పని దీక్షలోనే అయిపోయింది. ప్లాన్ వేయాల్సింది మాల తీసే రోజుకు: ఆ సాయంత్రం ఎక్కడుంటారు, ఎవరితో ఉంటారు? రంజాన్ నెలలో పగలంతా మానేవాళ్లకు ఆ గండం ఇఫ్తార్ తర్వాత మొదటి గంట.

తేదీ పెట్టుకోండి

రెండు వారాల్లోపు ఏదో ఒక రోజు. పెళ్లి, పంట అమ్మకం లాంటి హడావిడి లేని రోజైతే చాలు. ముందు రాత్రే ప్యాకెట్లు, లైటర్లు, యాష్‌ట్రే అన్నీ బయట పారేయండి. "ఎమర్జెన్సీకి" అని ఒక్కటి కూడా దాచొద్దు.

గమ్ నమలడం తెలుసుకోండి

నికోటిన్ గమ్ పనిచేయలేదనే చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలి మింగినవాళ్లే. ఎక్కిళ్లు, కడుపులో మంట వచ్చి పారేస్తారు. మెల్లగా నమలాలి. నోట్లో మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కొంచెం నమిలి, ఈసారి రెండో పక్క పెట్టుకోవాలి. ఇలా అరగంట. గమ్‌కు పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపు టీ, కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు, తీసుకుంటే మందు సరిగా ఎక్కదు. 2 మిల్లీగ్రాముల గమ్ మెడికల్ షాపుల్లో డాక్టరు చీటీ లేకుండానే ఇస్తారు. లేచిన అరగంటలోపే తాగేవాళ్లకు సాధారణంగా 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టరు రాయాలి. గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఏదైనా అడిగే వాడాలి.

గమ్ చాలకపోతే ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లున్నాయి, వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలున్నాయి. మూర్ఛ ఉన్నవాళ్లకు బుప్రోపియాన్ ఇవ్వరు, కాబట్టి ఇవి షాపులో అడిగి కొనుక్కునేవి కావు. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఓపీలో అడగండి. ఫోన్‌లో మాట్లాడటమే సుళువనుకునేవాళ్లకు ప్యాకెట్ మీద ఉండే, మానడానికి సాయం చేసే 1800-11-2356 నంబరు ఉంది, ఉచితం.

మొదటి వారం

రెండో, మూడో రోజు చికాకు బాగా ఎక్కువ. అప్పుడు పిల్లల మార్కుల గొడవ, అప్పుల లెక్క ఎత్తకండి. కోరిక పుట్టినప్పుడు మూడు నుంచి ఐదు నిమిషాలు గడిపితే చాలు, నీళ్లు తాగడమో వీధి చివరిదాకా నడవడమో చేస్తే దాటిపోతుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పొగ తాగేవాళ్ల ఒంట్లో కాఫీ, టీల్లోని కెఫీన్ త్వరగా కరిగిపోతుంది. మానాక అదే రెండు కప్పులు ఎక్కువసేపు నిలిచి గుండె దడ, నిద్ర పట్టకపోవడం తెస్తాయి. "మానితే నాకు పడలేదు" అనేవాళ్లలో కొందరి బాధ ఇదే. కప్పులు సగానికి తగ్గించండి. ఉబ్బసానికి థియోఫిలిన్ వాడుతున్నా, మానసిక వైద్యం మందులు వాడుతున్నా, మానుతున్నామని డాక్టరుకు చెప్పాలి, డోసు మార్చాల్సి రావచ్చు. షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా అంతే.

జారితే

మధ్యలో ఒకటి తాగారని తెలిసిందనుకోండి. "నాకు ముందే తెలుసు" అన్నారంటే సాయంత్రానికి ప్యాకెట్ వస్తుంది. ఎక్కడ, ఎవరితో, ఎన్ని గంటలకు అని మాత్రం అడిగి, పాత చీటీ పక్కన పెట్టి చూడండి. పొద్దున్నే అయితే గమ్ చాలడం లేదు, డాక్టరుతో మాట్లాడి పెంచాలి. బంకు దగ్గరైతే గమ్ మార్చి లాభం లేదు, దారి మార్చాలి.