కారు స్క్రీన్‌లో మన పాటలు సరిగ్గా కనపడాలంటే, వినపడాలంటే

మా నాన్న క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న బుర్రకథలు, ఘంటసాల పాటలు, నేను కాలేజీ రోజుల నుంచి కొంటూ వచ్చిన సీడీలు, త్యాగరాజ కీర్తనలు, అన్నీ కలిపి నా దగ్గర నాలుగు వేల పైచిలుకు ఫైళ్లున్నాయి. కారు కొన్న వారానికే వాటన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, కారుకి తగిలించి, హైదరాబాద్ నుంచి విజయవాడ బయల్దేరాం. ఎల్బీనగర్‌లో మొదలైన ‘లోడింగ్’ హయత్‌నగర్ దాటినా తిరుగుతూనే ఉంది. చివరికి జాబితా వచ్చింది కానీ ఘంటసాల ఒక్కరే ఐదుగురుగా కనిపించారు, సగం పేర్ల చోట ఖాళీ డబ్బాలున్నాయి, ఆల్బమ్‌లో పదో పాట రెండో పాటకంటే ముందొచ్చింది, నాన్న అడిగిన బుర్రకథ మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆయన పక్క సీట్లోంచి "పోనీలేరా, రేడియో పెట్టు" అన్నారు. ఆ మాటకి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆ క్యాసెట్లు ఆయన ముప్పై ఏళ్లు దాచుకున్నవి.

తర్వాత రెండు మూడు నెలలు ఆదివారాలన్నీ దీనికే పెట్టి ఒక్కొక్కటీ సరిచేసుకున్నాను. నాకు తెలిసొచ్చింది ఏంటంటే, కారులో ఉన్న సాఫ్ట్‌వేర్‌ని మనం మార్చలేం, అది ఎలా చదువుతుందో తెలుసుకుని పాటల్ని అలా తయారుచేసి ఇవ్వడమే మన చేతిలో ఉన్నది. కాబట్టి అన్నిటికంటే ముందు చేయాల్సింది: ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఉన్న అసలు లైబ్రరీని ముట్టుకోవద్దు. అందులోంచి కారు కోసం విడిగా ఒక కాపీ తీసుకోండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా ఆ కాపీ మీద చేయాల్సిన పనే.

పెన్‌డ్రైవ్ విషయం త్వరగా చెప్పేస్తాను. ఇప్పుడు షాపులో కొనే 64 జీబీ, 128 జీబీ పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లని అమర్చే ఒక పద్ధతి) వస్తాయి, చాలా కార్లు దాన్ని చదవలేవు, ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే ఇంకా కష్టం. దాదాపు ప్రతి కారూ చదివేది ఫ్యాట్32. విండోస్‌లో రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ అంటే 32 జీబీ దాటిన డ్రైవ్‌కి ఆ ఫ్యాట్32 ఆప్షనే చాలాసార్లు కనిపించదు, అప్పుడు రూఫస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు కానీ పాటలకి ఆ ఇబ్బంది రాదు. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది, ముందే చూసుకోండి. ఇంకోటి, కారులో రెండు మూడు యూఎస్‌బీ పోర్టులుంటే అన్నీ పాటలు చదవవు, కొన్ని ఛార్జింగ్‌కి మాత్రమే ఉంటాయి. "పెన్‌డ్రైవ్ పాడైంది" అనుకుని కొత్తది కొనేముందు పక్క పోర్టులో పెట్టి చూడండి.

నా సలహా 32 జీబీ చాలు. లెక్క చూడండి: 320 కేబీపీఎస్ (సెకనుకి ఎన్ని కిలోబిట్లో చెప్పే కొలత, ఎక్కువైతే నాణ్యత ఎక్కువ) ఎంపీత్రీ నిమిషానికి 2.4 ఎంబీ, నాలుగు నిమిషాల పాట పది ఎంబీ లోపే, అంటే 32 జీబీలో మూడు వేల పాటలు సులభంగా పడతాయి. పాత క్యాసెట్ రికార్డింగులకైతే 128 కేబీపీఎస్ కూడా సరిపోతుంది, అప్పుడు నిమిషానికి ఒక ఎంబీ కూడా పట్టదు. పాటలు ఎక్కువయ్యేకొద్దీ కారు వాటిని చదివి జాబితా చేసుకోవడానికి పట్టే టైమ్ పెరుగుతుంది, కొన్ని కార్లు ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ పని మొదటి నుంచి చేస్తాయి. ఎన్ని ఫైళ్లు, ఎన్ని ఫోల్డర్లు, ఒకదానిలో ఒకటి ఎన్ని మెట్లు వరకు చదువుతుందో చాలామటుకు కారు మాన్యువల్‌లో రాసి ఉంటుంది. మా బుర్రకథ కనపడకపోవడానికి కారణం అదే, నేను ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోయి దాన్ని మరీ లోపల పెట్టేశాను. ఇప్పుడు నా పెన్‌డ్రైవ్‌లో రెండే మెట్లు: పైన ‘ఘంటసాల’, ‘బుర్రకథ’, ‘కీర్తనలు’, ‘పిల్లలవి’ లాంటి ఫోల్డర్లు, వాటిలో ఆల్బమ్‌లు, అంతే.

ఇప్పుడు అసలు తలనొప్పి, ట్యాగులు. ఫైలు పేరు వేరు, ఫైలు లోపల దాగి ఉన్న పేరు వేరు అని చాలామందికి తెలియదు. ఎంపీత్రీ ఫైలు లోపల పాట పేరు, పాడినవారు, ఆల్బమ్, సంవత్సరం, ట్రాక్ నంబర్ రాసిపెట్టే చోటుంటుంది, దాన్నే ఐడీ3 ట్యాగ్ అంటారు. మీరు ఫైలు పేరు ఎంత అందంగా మార్చినా కారు చూపించేది ఎక్కువసార్లు లోపలున్న ట్యాగునే. మన తెలుగు పాటల విషయంలో ఇది మరీ ఘోరం. ఏళ్ల తరబడి ఎవరెవరి దగ్గరి నుంచో చేతులు మారి వచ్చిన ఫైళ్లలో పాడినవారి పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ పేరు ఉంటుంది, ఆల్బమ్ పేరు చివర అదే తగిలించి ఉంటుంది, కవర్ బొమ్మ కూడా వాళ్లదే. అరవై ఏళ్ల కిందటి పాటని సుశీల గారు పాడితే, తెర మీద ఆమె పేరు లేకుండా వెబ్‌సైట్ పేరు రావడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, వినడానికి ఏ ఇబ్బందీ లేకపోయినా సరే మార్చాల్సిందే.

దీనికి విండోస్‌లో ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లినక్స్ వాడేవాళ్లకి కిడ్3 ఉంది. ఒక ఆల్బమ్‌లోని ఫైళ్లన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి, ఆల్బమ్ పేరు, సంవత్సరం ఒక్కసారి టైప్ చేసి సేవ్ చేస్తే అన్నిటికీ పడిపోతుంది. ఫైలు పేర్లు సరిగ్గా ఉండి ట్యాగులు చెత్తగా ఉంటే, ఎంపీత్రీట్యాగ్‌లో కన్వర్ట్ మెనూలోకి వెళ్లి ఫైలు పేరు నుంచి ట్యాగు నింపమంటే నింపేస్తుంది. వందలాది పాటలు నేను అలాగే పూర్తిచేశాను.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా పట్టుకోండి. మొదటిది, ఒక మనిషికి ఒకే స్పెల్లింగ్. ఘంటసాలని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ఒకరు ‘హెచ్’ పెడతారు, ఒకరు పెట్టరు, ఒకరు రెండు ‘ఏ’లు పెడతారు, ఒకరు పూర్తి పేరు రాస్తారు. మనకి అందరూ ఒక్కరే, కారుకి మాత్రం నలుగురు. బాలు గారిదీ అంతే, ఎస్పీబీ అని, ఎస్పీ బాలు అని, బాలసుబ్రహ్మణ్యం అని మూడు నాలుగు చోట్ల ఆయన పాటలు చెదిరిపోయి ఉంటాయి. ఏ స్పెల్లింగ్ అన్నది మీ ఇష్టం, కానీ ఒక కాగితం మీద రాసుకుని అదే వాడండి. రెండోది, యుగళగీతాలు. పాడినవారి దగ్గర ‘ఘంటసాల, సుశీల’ అని ఉంటే కారు దాన్ని ఇంకో కొత్త గాయకుడిగా లెక్కేస్తుంది, ఒక సినిమా పాటలు ఐదారు ముక్కలవుతాయి. అందుకే ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ అని వేరే గడి ఒకటుంది. సినిమా పాటలకి నేను ఆ గడిలో సంగీత దర్శకుడి పేరు పెడతాను, పాడినవాళ్ల పేర్లు ఆర్టిస్ట్ గడిలోనే ఉంచుతాను. అన్ని కార్లూ ఆ గడిని పట్టించుకోవు, మీది పట్టించుకోకపోతే ఫోల్డర్ల వారీగా వినడమే హాయి.

తెలుగు అక్షరాల సంగతికి వస్తే, పని మొదలుపెట్టే ముందే ఒక పరీక్ష చేయండి. ఏదో ఒక పాటకి ‘శ్రీలక్ష్మి’ అని తెలుగులో పేరు పెట్టి కారులో చూడండి. డబ్బాలు వస్తే కారులో తెలుగు ఫాంట్ లేనట్టు. అక్షరాలు వచ్చి ఒత్తులు, గుణింతాలు విడిపోయి పక్కపక్కన పడితే, ఫాంట్ ఉంది కానీ అక్షరాలని కలిపే పద్ధతి దానికి తెలియదన్నమాట. ప్రశ్నార్థకాలు గానీ పిచ్చి గుర్తులు గానీ వస్తే మాత్రం వెంటనే ఆశ వదులుకోవద్దు, ట్యాగుని ఐడీ3 వెర్షన్ 2.3, యూటీఎఫ్-16లో (అక్షరాలని కంప్యూటర్ దాచుకునే ఒక పద్ధతి) సేవ్ చేసి మళ్లీ చూడండి, ఎంపీత్రీట్యాగ్ ఆప్షన్లలో అది పెట్టుకోవచ్చు. వెర్షన్ 2.4, యూటీఎఫ్-8తో తికమకపడే కార్లు 2.3ని చక్కగా చదివేస్తాయి. ఏం చేసినా డబ్బాలే వస్తుంటే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోక తప్పదు. మన పాట పేరు మన లిపిలో చూసుకోలేకపోవడం బాధే, అందుకే ఇంట్లో ఉన్న అసలు కాపీలో తెలుగులోనే ఉంచాను, కారు కాపీలో మాత్రమే మార్చాను.

పాటల వరస తప్పడానికి రెండు మూడు కారణాలున్నాయి. కొన్ని కార్లు అక్షర క్రమంలో పెడతాయి. పంచరత్న కీర్తనలు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల వరసలో వినాలి కదా, రాగం పేరుతో సేవ్ చేసుంటే ఇంగ్లిష్ అక్షర క్రమంలో ఆరభి ముందుకొచ్చి వరాళి చివరికి పోతుంది. ట్రాక్ నంబర్ ట్యాగులో తప్పకుండా నింపండి, ఫైలు పేరు ముందు కూడా 01, 02 అని పెట్టండి. ఉత్త 1, 2 అని పెడితే చాలదు, చాలా కార్లు అక్షరం అక్షరం పోల్చుకుంటూ వెళ్తాయి కాబట్టి 10 వెళ్లి 2 కంటే ముందు కూర్చుంటుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది, అందుకే తప్పు ఎక్కడుందో తెలియక బుర్ర వేడెక్కుతుంది. ఇంకొన్ని కార్లు పేరునీ చూడవు, ట్యాగునీ చూడవు, పెన్‌డ్రైవ్‌లోకి ఏ ఫైలు ముందు కాపీ అయిందో అదే ముందు పాడతాయి. అలాంటి కారైతే డ్రైవ్‌సార్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో, లినక్స్‌లో ఫ్యాట్‌సార్ట్‌తో ఒకసారి వరస సరిచేయాలి, కొత్త పాటలు వేసిన ప్రతిసారీ మళ్లీ చేయాలి.

యాపిల్ మ్యాక్ నుంచి కాపీ చేసేవాళ్లకి ఇంకో చిక్కు. ప్రతి పాట పక్కన చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఒక చిన్న దాగిన ఫైలు చేరుతుంది. మ్యాక్‌లో అది కనపడదు, కారు దాన్ని కూడా పాటే అనుకుని జాబితాలో పెట్టి, పాడలేక ఆగిపోతుంది. అదే పెన్‌డ్రైవ్‌ని ఒకసారి విండోస్‌లో పెట్టి ఆ ఫైళ్లన్నీ తీసేస్తే సరిపోతుంది.

బుర్రకథలు, హరికథలు, పద్యనాటకాలు ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. 60 నిమిషాల క్యాసెట్ ఒక వైపు ఎక్కిస్తే అరగంట ఫైలు, 90 నిమిషాలదైతే ముప్పావుగంట. టీ కోసం కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కొన్ని కార్లు కథని మొదటి నుంచి మొదలుపెడతాయి, ముందుకి జరపాలంటే తెర మీద ఆ సన్నటి గీతని వేలితో లాగాలి, నడిరోడ్డు మీద అది ఎంతమాత్రం చేయకూడని పని. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది, మూడు సెకన్లు తెర వైపు చూస్తే 66 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. అందుకని పెద్ద ఫైళ్లని ఏడెనిమిది నిమిషాల ముక్కలుగా కోసుకోండి. ఎంపీత్రీడైరెక్ట్‌కట్ నాణ్యత తగ్గకుండా కోస్తుంది, ఆడాసిటీలో కూడా లేబుళ్లు పెట్టి ఒకేసారి ముక్కలుగా ఎగుమతి చేయొచ్చు. పద్యం మధ్యలో కాకుండా, కథకుడు వచనంలోకి దిగే చోట కోయండి, ఎందుకంటే చాలా కార్లలో ఒక ఫైలుకీ ఇంకో ఫైలుకీ మధ్య చిన్న ఖాళీ వస్తుంది, రాగం మధ్యలో ఆ ఖాళీ వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మా నాన్న నాజర్ గారి బుర్రకథ ఇప్పుడు అలా ముక్కలుగానే వింటున్నారు, స్టీరింగ్ మీద బటన్ నొక్కితే చాలు, నేను తెర వైపు చూడక్కర్లేదు.

పాత పాటలూ కొత్త పాటలూ కలిపి వింటే సౌండ్ ఒక్కసారిగా పెరిగి తగ్గడం కూడా చిరాకే. ఎంపీత్రీగెయిన్ అనే సాఫ్ట్‌వేర్ పాటలన్నిటినీ దాదాపు ఒకే స్థాయికి తెస్తుంది. ఆల్బమ్ మొత్తంగా వినేవాటికి అందులో ఆల్బమ్ గెయిన్ (పాటల మధ్య ఉన్న హెచ్చుతగ్గులు అలాగే ఉంచి ఆల్బమ్ మొత్తాన్నీ కలిపి సరిచేసేది) వాడండి, లేదంటే ఆలాపనా కీర్తనా ఒకే బిగ్గరలో వినపడి చప్పగా ఉంటాయి. కవర్ బొమ్మలు 500 పిక్సెళ్లకి 500 పిక్సెళ్లు చాలు, మామూలు జేపెగ్, మూడు నాలుగు ఎంబీల బొమ్మలు పెడితే కారు వాటితోనే కుస్తీ పడుతుంది.

ఇదంతా మాకు కుదరదు అనుకుంటే ఫోన్ దారి ఉంది. ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని యాప్‌లని కారు తెర మీద చూపించే సదుపాయం) ఉన్న కారైతే పాటలు ఫోన్‌లో వేసుకుని వీఎల్‌సీ గానీ పవర్‌ఆంప్ గానీ పెట్టుకోండి, జాబితా చేసే పని ఫోన్ చూసుకుంటుంది, తెలుగు అక్షరాలు కూడా ఫోనే గీసి పంపుతుంది కాబట్టి ఒత్తులు సరిగ్గా వస్తాయి. ఉత్త బ్లూటూత్‌తో మాత్రం చాలా కార్లలో పాట మార్చడం, ఆపడం వరకే కుదురుతుంది, లైబ్రరీ మొత్తం తెర మీద వెతుక్కోవడం కుదరదు. ట్యాగులు సరిగ్గా లేకపోతే ఫోన్‌లో కూడా ఐదుగురు ఘంటసాలలే వస్తారు, ఆ పని తప్పదు.

చివరగా, నాలుగు వేల ఫైళ్లూ సరిచేసుకుంటూ కూర్చుని తర్వాత కారులో పెట్టి చూడొద్దు. ముందు ఇరవై పాటలు, ఒక ముక్కలు చేసిన కథ, తెలుగు పేరున్నది ఒకటి, ఇంగ్లిష్ పేరున్నది ఒకటి, ఫ్లాక్ ఫైలు (నాణ్యత తగ్గకుండా దాచే ఇంకో రకం పాట ఫైలు) ఉంటే అదొకటి వేసి, ఆపి ఉంచిన కారులో పది నిమిషాలు కూర్చుని చూడండి. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసి, పాట ఎక్కడి నుంచి మొదలైందో గమనించండి. మీ కారు దేన్ని చదివిందో, దేనికి ఆగిందో ఫోన్‌లో నోట్ చేసుకుని, ఆ తర్వాతే మిగతావాటి మీద చేయి వేయండి. వేసవిలో పెన్‌డ్రైవ్‌ని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, వదిలేసినా ఇంట్లో అసలు కాపీ ఉందో లేదో ఒకసారి చూసుకోండి.