బృందపు వికీలో యంత్రానువాదాన్ని అమర్చుకోవడం

మీ వికీ మీడియావికీ అనే వికీ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తున్నట్లయితే, ముందుగా భాషను ఎంచుకోనిచ్చే యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ పొడిగింతను (ఎక్స్‌టెన్షన్), ఆ తరువాత పేజీల అనువాదానికి పనికివచ్చే ట్రాన్స్‌లేట్ పొడిగింతను స్థాపించాలి. రెండవది మొదటిదానిపై ఆధారపడుతుంది. వికీ అమరికలు ఉండే లోకల్‌సెట్టింగ్స్ ఫైలులో రెండింటినీ చేర్చి, డేటాబేస్‌ను తాజాపరచే స్క్రిప్టును నడపండి. అది మరచిపోతే కొత్త పట్టికలు ఏర్పడవు.

అదే ఫైలులో అనువాద సేవ రకాన్ని, చిరునామాను, దానిని వాడుకోవడానికి ఆ సేవ ఇచ్చే రహస్య సంకేతాన్ని (ఏపీఐ కీ) పేర్కొనాలి. పాఠం బయటి సర్వర్‌కు వెళుతుంది కనుక, జీతాల వివరాల వంటి గోప్యమైన పేజీలను ఈ ఏర్పాటుకు దూరంగా ఉంచడమే మంచిది.

అనువదించవలసిన భాగాన్ని ట్రాన్స్‌లేట్ ట్యాగుల మధ్య ఉంచి, తగిన హక్కు ఉన్న సభ్యుడు పేజీకి అనువాదం కోసం గుర్తు పెట్టాక, పాఠం పేరాల వారీగా విడిపోయి, ఒక్కొక్కదాని పక్కన యంత్రం సూచన కనిపిస్తుంది. మనిషి ఆమోదించనిదే అది పేజీలోకి చేరదు. ఈ ఆగుదల అవసరమే. ‘రన్ ద బిల్డ్’ అన్న సూచనకు ‘నిర్మాణాన్ని పరుగెత్తించండి’ అని వస్తే, దానిని ‘బిల్డ్‌ను నడపండి’ అని దిద్దవలసినది మనమే. మారకూడని ఆదేశాలను, ఫైలు పేర్లను టీవార్ (tvar) ట్యాగులో పెడితే అనువాదకుడికి అవి పాఠంగా కాక గుర్తుగా మాత్రమే కనిపిస్తాయి.

మూలం మారినప్పుడు పేజీకి అనువాదం కోసం మళ్ళీ గుర్తు పెట్టాలి. అప్పుడే పాతబడిన పేరాలు బయటపడతాయి.