ప్రోస్టేట్ క్యాన్సర్ రిపోర్టులు చదువుదాం – 6వ పాఠం: పిట్యూటరీ దాకా పాకితే

గత పాఠంలో అభ్యాసంగా ఒక రోగి హార్మోన్ల రిపోర్టు ఇచ్చాను. చాలామంది ఒకే జవాబు పంపారు: ఎల్‌హెచ్ (టెస్టోస్టిరాన్ తయారు చేయించే హార్మోన్) తక్కువ, టెస్టోస్టిరాన్ తక్కువ, కాబట్టి పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి) దెబ్బతింది. కాదు. ఆ రోగి ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ మీద ఉన్నారని మొదటి వాక్యంలోనే ఇచ్చాను. ఆ మందు పనే ఎల్‌హెచ్‌ను అణచి, టెస్టోస్టిరాన్‌ను పడగొట్టడం. ఇంజెక్షన్ నడుస్తుంటే ఆ రెండు లైన్లూ పిట్యూటరీ గురించి ఏమీ చెప్పవు. కొట్టేయండి. ఉదయం 8 గంటల కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్; వాటిని నడిపేది పిట్యూటరీయే), ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్), సోడియం చూడండి. క్యాన్సర్ మాత్ర అబిరాటెరోన్‌తో పాటు స్టెరాయిడ్ మందు ప్రెడ్నిసొలోన్ వాడుతుంటే కార్టిసాల్ తగ్గడానికి ఆ మందులే కారణం కావచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని నడిపే పిట్యూటరీ హార్మోన్) ఒక్కటే చేయించిన రిపోర్టును నేను లెక్కలోకే తీసుకోను. పిట్యూటరీ పాడైనా అది నార్మల్‌గానే కనబడవచ్చు.

పిట్యూటరీకి పాకే క్యాన్సర్లలో రొమ్ము, ఊపిరితిత్తులవే ఎక్కువ. ప్రోస్టేట్‌ది అరుదు. అయితే ఇది ఎముకలను వెతుక్కుంటూ పోయే క్యాన్సర్. పుర్రె అడుగు ఎముకలో చేరితే, దాన్ని ఆనుకునే పిట్యూటరీ ఉంటుంది. పైన చూపు నరాలు, పక్కన కన్ను తిప్పే నరాలు. అందుకే పక్కచూపు తగ్గడం, ఒకటి రెండుగా కనిపించడం, రెప్ప వాలడం.

ఇక అసలు ఉచ్చు: మూత్రం. "ప్రోస్టేట్ మనిషి కదా, మాటిమాటికీ వెళ్తాడులే" అని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వార్డులోనూ, వదిలేస్తారు. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఎన్నిసార్లు వెళ్లారని కాదు, ఎంత పోశారని అడగాలి. ప్రోస్టేట్ అడ్డుపడితే పదిసార్లు వెళ్లినా వచ్చేది కొంచెం కొంచెమే. పిట్యూటరీ వెనుక భాగం దెబ్బతింటే మూత్రాన్ని చిక్కబరిచే హార్మోన్ అందదు. వెళ్లిన ప్రతిసారీ నీళ్లలాంటి మూత్రం నిండుగా వస్తుంది, దాహం ఆగదు, రాత్రి లేచి మరీ తాగుతారు. 24 గంటల్లో 3 లీటర్లు దాటితే ముందు షుగర్, కాల్షియం చూడాలి. అవి బాగుంటే సోడియం, మూత్రం ఆస్మొలాలిటీ (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే పరీక్ష), ఆపైన పిట్యూటరీ ఎంఆర్‌ఐ. పిట్యూటరీలో మామూలుగా వచ్చే గడ్డలు ఈ లక్షణంతో బయటపడటం అరుదు. అందుకే క్యాన్సర్ ఉన్నవారిలో ఇది కనిపిస్తే, పాకిందేమోనని తప్పక అనుమానించాలి. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు మాత్రం ఆపకండి. సోడియం పెరిగి మనిషి అయోమయంలోకి, ఫిట్స్‌లోకి వెళ్లవచ్చు.

కార్టిసాల్ తక్కువగా ఉన్నప్పుడు కిడ్నీ నీటిని సరిగా బయటికి వదలలేకపోతుంది. అభ్యాసానికి ఇది కావాలి.

అభ్యాసం: ల్యూప్రొలైడ్ మీద ఉన్న 70 ఏళ్ల వ్యక్తి. టీఎస్‌హెచ్ 1.8, ఫ్రీ టీ4 0.5, ఉదయం కార్టిసాల్ 2, సోడియం 131 (ఈ చివరి మూడూ తక్కువే), రోజు మూత్రం 1.8 లీటర్లు. హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ లోటు తీర్చే మందు) మొదలుపెట్టాక మూత్రం 6 లీటర్లు, సోడియం 149. మందు వికటించిందా? థైరాయిడ్ మాత్ర కన్నా ముందు హైడ్రోకార్టిసోన్ ఎందుకిచ్చారు? రెంటికీ కారణాలతో రాయండి. దాంతోపాటు ఒక రోజంతా మీ మూత్రాన్ని కొలజాడీలో కొలిచి, ప్రతిసారీ టైము, మిల్లీలీటర్లు వేసి పంపండి.