పని గాయాల కేసు షీటు – 3వ పాఠం: వేలు ఎంతవరకు తెగింది?

పోయిన పాఠంలో ఎమ్మెల్సీ (పోలీసు, కోర్టు అవసరం పడే మెడికో-లీగల్ కేసుల) రిజిస్టర్ నింపడం చూశాం. ఈసారి ఒకే గాయం. పత్తి సీజన్‌లో వరంగల్‌లో క్యాజువాల్టీ డ్యూటీ చేసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు: జిన్నింగ్ మిల్లు మిషన్‌లో పడి తెగిన చూపుడు వేలు.

కేసు షీట్లో సాధారణంగా "చూపుడు వేలికి క్రష్ ఇంజురీ (నలిగిన గాయం), కుట్లు వేశాం" అని ఉంటుంది. వైద్యానికి ఆ ముక్క చాలు, లేబర్ ఆఫీసులో చాలదు. 1923 నాటి నష్టపరిహార చట్టం (2025లో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) పట్టికలో చూపుడు వేలు ఒక్కదానికే నాలుగు లెక్కలున్నాయి. మొత్తం పోతే సంపాదించే శక్తిలో 14 శాతం నష్టం, రెండు కణుపులు (వేలి ఎముకలు) పోతే 11, ఒకటి పోతే 9, ఎముక పోకుండా కొస మాత్రమే తెగితే 5.

నెల జీతం 15,000, వయసు 40 అనుకోండి. జీతంలో 60 శాతాన్ని ఆ వయసుకు చట్టం ఇచ్చిన 184.17తో గుణిస్తే నూరు శాతం నష్టానికి 16,57,530 వస్తుంది. అందులో 5 శాతమంటే దాదాపు 82,900 రూపాయలు, 9 శాతమంటే 1,49,000 పైమాటే. ఈ తేడా అంతా గోరు కింది చిన్న ఎముక దగ్గరే ఉంది.

అందుకే ఇలా రాయండి: "కుడి చూపుడు వేలు చివరి కీలు దగ్గర పూర్తిగా తెగింది. చివరి ఎముక లేదు. మధ్య ఎముక కొస బయటికి కనిపిస్తోంది." పక్కనే ఎక్స్‌రే నంబరు వేయండి. ఆపరేషన్‌లో ఇంకొంత ఎముక తీయాల్సి వస్తే ఎంత తీశారో, ఎందుకు తీశారో రాయండి. డిశ్చార్జి సమ్మరీలోనూ అదే మాట ఉండాలి. రెండు కాగితాలకూ పొంతన లేకపోతే ఇన్సూరెన్స్ వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

ఇక హిస్టరీ, అంటే గాయం ఎలా తగిలిందన్నది. వెంట వచ్చిన మేస్త్రీ "ఇంట్ల తలుపు సందుల పడ్డది సార్" అంటాడు. అతన్ని కాసేపు బయట కూర్చోమని రోగినే అడగండి. ఎవరు ఏం చెప్పారో ఇద్దరి మాటా వాళ్ల పేరునే రాయండి. తీర్పు చెప్పడం మన పని కాదు. "తాగి ఉన్నాడు" అని మాత్రం ఎవరో అన్నారని రాయకండి. తాగిన మత్తు వల్ల జరిగిన ప్రమాదమైతే, మరణం, శాశ్వత పూర్తి వైకల్యం తప్ప మిగతా గాయాలకు యజమాని బాధ్యత తప్పిపోతుంది. కాబట్టి వాసన, మాట, నడక ఎలా ఉన్నాయో మీరు చూసిందే రాయండి.

"పర్సంటేజీ రాసియ్యండి సార్" అని మొదటి రోజే అడుగుతారు. గాయం మానేదాకా ఇవ్వకండి. వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్‌లోని శాతం శరీర వైకల్యానిది, ఇక్కడ కావాల్సింది సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నది. మోచేతి పైన ఎడమ చేయి తీసేసిన ఒక వడ్రంగికి ఆ పని ఇక పూర్తిగా పోయినట్టేనని, నూరు శాతం నష్టాన్ని సుప్రీంకోర్టు 1975లోనే ఒప్పుకుంది. వృత్తి గడిలో ఊరికే "కూలీ" అని రాస్తే ఇలాంటి వాదనకు దారే ఉండదు.

అభ్యాసం: ఏనుమాముల మార్కెట్ హమాలీ, 52 ఏళ్లు. బస్తా జారి మీద పడింది, కుడి చేయి భుజం ఎత్తు దాటి లేవడం లేదు. ఈ గాయం పట్టికలో లేదు, నష్టం అంచనా వేయాల్సింది డాక్టరే. శాతం జోలికి పోకుండా మొదటి రోజు నోట్ ఆరు లైన్లలో రాయండి. భుజం కదలికను కొలిచి రాయడం 4వ పాఠంలో.