పిండ మెదడులో నాడీ మూలకణాల కణచక్రాన్ని కొలిచే పద్ధతి

చిట్టెలుక పిండంలో మస్తిష్క వల్కలం (మెదడు పై పొర) రూపొందేటప్పుడు, 11వ రోజున దాదాపు 8 గంటలుండే మూలకణాల కణచక్రం (ఒక విభజన నుంచి తర్వాతి విభజన దాకా పట్టే కాలం) 16వ రోజుకు 18 గంటలు దాటుతుందని తకహాషి, నొవకోవ్‌స్కీ, కేవినెస్ 1995లో చూపారు. ఈ పెరుగుదలలో సింహభాగం జీ1 దశది, అంటే విభజన ముగిశాక డీఎన్ఏ నకలు మొదలయ్యే దాకా ఉండే విరామానిది. అది సుమారు 3 గంటల నుంచి 12 గంటలకు సాగుతుంది. అందుచేత మొత్తం చక్రం ఎంతో చెప్పి ఊరుకోకుండా, ఏ దశ ఎంత సాగిందో విడదీసి కొలవాలి.

జంతు ప్రయోగాల అనుమతి పొందాక, గర్భంతో ఉన్న ఎలుకకు ముందుగా ఈడీయూ, గంటన్నర తర్వాత బీఆర్‌డీయూ అనే గుర్తు పదార్థాలను ఇచ్చి, మరో అరగంటకు పిండాల మెదళ్లను సేకరించండి. ఈ రెండూ డీఎన్ఏను నకలు చేసుకుంటున్న కణాల్లోకే చేరతాయి. కనుక ఈడీయూ మాత్రమే ఉన్న కణాలు ఆ గంటన్నరలో ఎస్ దశను (డీఎన్ఏ నకలు జరిగే దశ) దాటినవి. బీఆర్‌డీయూ ఉన్నవి ఇంకా ఆ దశలోనే ఉన్నవి. బీఆర్‌డీయూను గుర్తించే యాంటీబాడీలు కొన్ని ఈడీయూను కూడా పట్టుకుంటాయి. ఈడీయూ మాత్రమే ఇచ్చిన మెదడు కోతపై ఆ యాంటీబాడీని పరీక్షించి, రంగు రాలేదని నిర్ధారించుకోకుండా లెక్కకు దిగడం వృథా శ్రమ.

ఊహకు, ఎస్ దశ దాటినవి 30, అందులో ఉన్నవి 90, మొత్తం విభజన కణాలు 240 అనుకుందాం. 90ని 30తో భాగించి 1.5తో గుణిస్తే ఎస్ దశ 4.5 గంటలు, దాన్ని 240/90తో గుణిస్తే చక్రం 12 గంటలు. ఇందులోంచి ఎస్ దశనూ, విడిగా కొలిచిన జీ2 (విభజనకు సిద్ధమయ్యే దశ), ఎం (విభజన జరిగే దశ) దశల వ్యవధినీ తీసివేస్తే మిగిలేది జీ1.

పొరపాట్లు ఎక్కువగా లెక్కింపులోనే దొర్లుతాయి. ఈ మూలకణాల కేంద్రకాలు ఎస్ దశలో జఠరిక (మెదడులోని ద్రవపు గది) అంచుకు దూరంగా ఉండి, విభజన వేళకు అంచు దగ్గరికి వస్తాయి కాబట్టి, పొర మందమంతా కలిసివచ్చే నిలువు పట్టీలోనే లెక్కించాలి. విభజన మానేసిన కణాలు మొత్తంలో కలిస్తే చక్రం ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తుంది. వాటిని కేఐ67 (విభజన చక్రంలో ఉన్న కణాల్లో కనిపించే ప్రొటీన్) సాయంతో వేరుచేయండి. టీబీఆర్2 ప్రొటీన్ ఉన్న మధ్యస్థ జనక కణాల (మూలకణాలకూ నాడీకణాలకూ నడుమ దశలో ఉన్నవాటి) లెక్క విడిగా ఉండాలి.

జీ1 సాగడం వల్లే నాడీకణాలు పుడుతున్నాయని ఇలా వచ్చిన అంకెలు నిరూపించవు. దానికి దశను మార్చి చూడాలి: కలెగరి, హట్నర్ 2003లో ఒలొమూసిన్ అనే కణచక్ర నిరోధకంతో జీ1ను సాగదీసినప్పుడు నాడీకణాలు ముందుగానే పుట్టాయి, 2009లో కణచక్రాన్ని నడిపే సీడీకే4, సైక్లిన్ డీ1 ప్రొటీన్లను పెంచి జీ1ను కుదించినప్పుడు జనక కణాల సంఖ్య పెరిగింది.