ఎడ్నాను చదవాలంటే ముందు చివరి అధ్యాయం పక్కన పెట్టండి

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెప్తాను. కేట్ షోపాన్ నవల ‘ది అవేకనింగ్’ (1899) మీద అస్తిత్వవాద దృష్టితో వ్యాసం రాయమంటే చాలామంది కథానాయిక ఎడ్నా పాంటెలియర్ చివర్లో సముద్రంలోకి ఈదుకుంటూ చావుకు వెళ్ళిపోవడంతోనే మొదలుపెడతారు. అక్కడ మొదలుపెడితే ఆమె రెండే రకాలుగా కనిపిస్తుంది: పాపం బలైపోయిన మనిషి, లేదా పిల్లల్ని వదిలేసిన స్వార్థపరురాలు. ఈ తీర్పులకు అస్తిత్వవాద తత్వవేత్త సార్త్ర్ ఎందుకు, పక్కింటి పిన్నిగారు చాలు.

అందుకే చివరిదైన 39వ అధ్యాయాన్ని కాసేపు మరిచిపోండి. మిగతా నవలలో ఎడ్నా తనంతట తాను ఏదైనా చేసిన చోట, చెయ్యనన్న చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. మనిషి ముందే తయారై ఉండడు, చేసే పనుల్లోంచే తయారవుతాడన్నది అస్తిత్వవాదుల మాట. కాబట్టి ‘ఎడ్నా ఎలాంటిది’ అని అడక్కండి, ‘ఇక్కడ ఏం చేసింది’ అని అడగండి.

ఆమెకు మొదటిసారి ఈత వచ్చిన రాత్రి చూడండి. బయట ఉయ్యాలలో పడుకుని ఉంటుంది. భర్త లేయాన్స్ లోపలికి రమ్మంటాడు. అన్నాళ్ళూ ఆలోచించకుండానే లేచి వెళ్ళేది, ఆ రాత్రి కదలదు. ఆయన గొడవ పెట్టుకోడు. తనూ బయటే కూర్చుని వైన్ తాగుతూ చుట్ట మీద చుట్ట కాలుస్తాడు. చివరికి ఆమెకే నిద్ర ముంచుకొచ్చి లోపలికి వెళ్తుంది. ఇంకోచోట పెళ్ళి ఉంగరం తీసి నేలకేసి కొట్టి మడమతో తొక్కుతుంది. దానికి గీత కూడా పడదు. పనిమనిషి ఏరి ఇస్తే మళ్ళీ వేలికి పెట్టుకుంటుంది. తిరుగుబాటు ఒక్కటే రాసి, ఉంగరం మళ్ళీ తొడుక్కోవడం వదిలేసే వ్యాసాలు నాకు బోలెడు వస్తాయి. అసలు సరుకంతా అక్కడే ఉంది కదా!

తర్వాత ఆత్మవంచన. 1943లో సార్త్ర్ చెప్పిన ఈ భావనను పాత్రను తిట్టడానికి వాడకండి. నాకు వేరే దారి లేదనుకోవడం ఎంత ఆత్మవంచనో, నాకే కట్టుబాట్లూ లేవనుకోవడం కూడా అంతే. ఎడ్నాకు ఇద్దరు కొడుకులున్నారు, ఆ రోజుల లూసియానాలో సంసారం మీద చట్టం ఇచ్చిన పెత్తనం భర్తదే. ఇవీ లెక్కలోకి రావాలి. నీ భర్త నిన్ను వదిలిపెడితే బాగుండునని కలలు కన్నానని ఆమె ప్రేమించిన రాబర్ట్ అంటే, నన్ను ఒకరికి ఇవ్వడానికి నేను ఆయన సొత్తును కానంటుంది. అద్భుతమైన జవాబు. కానీ అదే మనిషి తన బతుకంతా రాబర్ట్ మీదే వేలాడదీస్తుంది. 1949లో మరో అస్తిత్వవాది సిమోన్ ద బోవా ‘ది సెకండ్ సెక్స్’లో ప్రేమలో పడ్డ స్త్రీ గురించి రాసిన అధ్యాయాన్ని ఈ సన్నివేశం పక్కన పెట్టుకుని చదవండి.

క్లాసులో చాలామందికి తట్టని ప్రశ్న ఒకటుంది: ఎడ్నా బొమ్మలు వేసుకుంటుంటే పిల్లల్ని చూసేదెవరు? నల్లజాతి మూలాలున్న ఒక ఆయా. నవల మొత్తంలో ఆమెకు పేరే లేదు. నా స్వేచ్ఛ నిజమైనది కావాలంటే ఎదుటివాళ్ళ స్వేచ్ఛనూ కోరుకోవాలని బోవా 1947లోనే వాదించింది. ఆ లెక్కన చూస్తే ఎడ్నా స్వేచ్ఛకు పెద్ద చిల్లే ఉంది. నాకు ఎడ్నా అంటే ఇష్టమే, అయినా ఈ ప్రశ్న అడక్కుండా పాఠం ముగించను.

ఇప్పుడు 39వ అధ్యాయం తెరవండి. ‘మరణమే ఆమె స్వేచ్ఛ’ అని రాయబోతే ఒక్క నిమిషం ఆగండి. ఆత్మహత్య ప్రశ్నతోనే ‘ది మిత్ ఆఫ్ సిసిఫస్’ (1942) పుస్తకం మొదలుపెట్టిన ఫ్రెంచి రచయిత కామూ కూడా చివరికి దాన్ని కాదన్నవాడే. పైగా ఆ రోజు ఎడ్నా తనకు ఈత వచ్చిన ఆ వేసవి విడిది ద్వీపానికి రాగానే భోజనానికి చేపలున్నాయా అని అడుగుతుంది, ఈతకు తువ్వాళ్ళు కావాలంటుంది. ముందు రాత్రంతా నిద్రలేకుండా గడిపిందనీ, నిరాశ కమ్మేసిందనీ అదే అధ్యాయం చెబుతుంది. ఆ నిరాశనూ ఈ చేపలనూ ఒకే పేరాలో పెట్టి రాయండి. రెంటిలో ఏ ఒక్కటి వదిలేసినా నేను మార్కులు తగ్గిస్తాను.